ఎదురుకోలు

కుముదిని పదకొండో రోజు కార్యం ముగిసి, వచ్చిన చుట్టాలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయాక, పరశురాంకి ఇంట్లో మొదట వినిపించింది స్పీకర్ల సొద. జనం ఉన్నన్నాళ్ళూ అది ఎవరి చెవికీ ఆనలేదు. ఇప్పుడు హాల్లో, పడగ్గదిలో, వంటింట్లో, వెనక వరండాలో, ఇసుక జారుతున్నట్టు సన్నగా వినిపిస్తోంది.

ఆ సొద ఎందుకో అతనికి తెలుసు. తీగల్లేని స్పీకర్లకి ఒక దుర్గుణం ఉంది. కాసేపు ఏ చప్పుడూ రాకపోతే నిద్రపోతాయి. మళ్ళీ మాట వచ్చినప్పుడు ఉలిక్కిపడి లేచేలోపు మొదటి ముక్క మింగేస్తాయి. పాటలో ఒక ముక్క పోతే మనకేం కాదు. కుముదినికి పుట్టుకతోనే చూపు లేదు. కంప్యూటర్ తెర మీద ఉన్నదంతా పైకి చదివి వినిపించే గొంతుతోనే ఆమె పనంతా సాగేది. తీసెయ్యాలా, ఉంచాలా అని అది అడిగినప్పుడు మొదటి మాట పోతే కొంప మునుగుతుంది. అందుకని స్పీకర్లు నిద్రపోకుండా చెవికి ఆనీ ఆనని చప్పుడొకటి ఎప్పుడూ పంపుతూ ఉండేది. "అందరూ పిల్లల్ని జోకొట్టి నిద్రపుచ్చుతారు, నేను వీటిని జోకొట్టి మేలుకోబెడతాను" అనేది.

ఆ చదివే గొంతుకి పరశురాం పెట్టిన పేరు వాగుడుకాయ. అది మనుషులు మాట్లాడే వేగంతో చదివేది కాదు. మనకి రేకుల మీద వానలా వినిపించేది కుముదినికి విడివిడి మాటలు. పెళ్ళయినప్పట్నుంచీ పక్కనే కూర్చుని విన్నా అతనికి ఒక్క వాక్యం అంతుపట్టలేదు. "నీ రహస్యాలన్నీ వీధికి ఇనపడేలా అరిచి మరీ దాస్తావు గదే" అని ఉడికించేవాడు. "నీ బస్సు హారన్ కన్నా నయమే" అనేది ఆమె.

అతను విశాఖపట్నంలో ఆర్టీసీ డ్రైవరు. ఆమె కొండ మీది ఒక పరిశోధన సంస్థలో ధ్వని విభాగం ఇంజనీరు. పెళ్ళికి ముందు రోజూ అతని బస్సే ఎక్కేది. బ్రేకు నొక్కే తీరుని బట్టి బండి ఎవరు నడుపుతున్నారో చెప్పేసేది. ఒకరోజు దిగుతూ, "ఇవాళ ఎవరిమీదో కోపంగా ఉన్నారు" అంది. అతను నిజంగానే డిపో మేనేజరు మీద కోపంగా ఉన్నాడు. ఆ మాటకే పడిపోయాడు.

పెళ్ళయ్యాక కోపాలు తగ్గలేదు గానీ వాటికొక పద్ధతి ఏర్పడింది. పొద్దున ఇంట్లో పోట్లాట, సాయంత్రం అతను డిపోకి చేరే వేళకి ఫోనుకి ఆమె దగ్గర్నుంచి కబురు. కుముదిని ఎన్నడూ ఓడిపోయిన పాపాన పోలేదు. తప్పు ఎవరిదైనా సరే, "తప్పు నీదే" అనేది. వెంటనే "తిన్నావా?" అని అడిగేది. దాంతో గొడవ సరి.

ఎదురుకోలు అన్న పేరు మాత్రం ఆమె పెట్టిందే, తను తయారుచేసిన దానికి. తీగల్లేని స్పీకర్లకి రెండో దుర్గుణం ఆలస్యం. మీట నొక్కాక మాట గాల్లో ప్రయాణం చేసి, గోడ మీది స్పీకరుకి చేరి, బయటికి వచ్చేసరికి రెప్పపాటు దాటుతుంది. "మెట్టుందని కాలు వేస్తే, మెట్టు కాసేపు ఆగి వచ్చినట్టుంటుంది పరశూ. ప్రతి మీటకీ పడబోయి నిలదొక్కుకోవాలి" అని చెప్పింది ఒకసారి. చెవిలో తీగ పెట్టుకుంటే ఆ బాధ లేదు. కానీ చెవులు మూసుకుంటే ఆమెకి ఇల్లే ఉండదు. పొయ్యి మీద పాలు పొంగేదీ తెలియదు, గుమ్మంలోకి ఎవరొచ్చారో తెలియదు.

అందుకని వేరే దారి వెతికింది. మగపెళ్ళివారు వచ్చి తలుపు తట్టేదాకా మనం ఇంట్లో కూర్చోం కదా. మేళంతో పొలిమేర దాకా ఎదురువెళ్ళి తీసుకొస్తాం. అలాగే ఆమె వేలు ఏ మీట మీద పడబోతోందో కంప్యూటరు ముందే ఊహించి, దానికి తగ్గ మాటని ముందే స్పీకరుకి చేరవేసి ఉంచుతుంది. వేలు పడగానే మాట పలుకుతుంది. ఏదైనా రాస్తున్నప్పుడైతే రాయబోయే మాట మొత్తం ఊహిస్తుంది. ఊహ సరైనదైతే పొడుగు మీట నొక్కితే చాలు, తర్వాతి మాటకి వెళుతుంది. నొక్కకపోతే తప్పని గ్రహించి ఆ మాట పారేస్తుంది, మళ్ళీ దాని జోలికి పోదు.

కొద్ది నెలల్లో అది ఎంత బాగా నేర్చుకుందంటే, ఇంట్లో పెట్టుకున్న దానికి, వేలు పడేదాకా మాటని ఆపి ఉంచే గొళ్ళెం కుముదిని తీసేసింది. "నా వేలు ఎలాగూ వస్తుంది, దానికోసం ఆగడమెందుకు" అంది. అప్పట్నుంచి మాట ముందు, వేలు వెనక. ఒక సాయంత్రం పరశురాం గుమ్మంలో నిలబడి చూశాడు. వాగుడుకాయ ఏదో అంటోంది, ఆమె వేళ్ళు బుద్ధిగా దాని వెంట నడుస్తున్నాయి. ఇద్దరిలో ఎవరు ఎవరికి పని చేస్తున్నారో తెలియక అతనికి భయం వేసింది. భయం వేసిందని చెప్పడం మగాళ్ళకి రాదు గనక దాన్ని కోపంగా మార్చుకున్నాడు.

ఆఖరి పోట్లాట దాని గురించే.

"నాను మాటాడితే నీకు ఇనపడదు. అది మాటాడకముందే ఇనపడిపోద్ది. ఈ ఇంట్లో నీకు అది కావాలో, నాను కావాలో తేల్చుకో" అని కేకలేసి డ్యూటీకి వెళ్ళిపోయాడు. గుమ్మం పట్టుకుని నిలబడ్డ ఆమె ముఖం అప్పటికే వడలి ఉంది. ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. మధ్యాహ్నానికి జ్వరం పెరిగి పడిపోతే పక్కింటివాళ్ళు ఆసుపత్రిలో చేర్చారు. డెంగీ అన్నారు. అతను వెళ్ళేసరికి ఆమెకి తెలివి లేదు, మళ్ళీ రాలేదు. ఆ సాయంత్రం అతని ఫోనుకి కబురు కూడా రాలేదు. ఆ పొద్దుటి మాటకి ఆమె ఏం జవాబిచ్చి ఉండేదన్నదే ఇప్పుడు పరశురాంని తినేస్తోంది.

చుట్టాలు వెళ్ళిన మర్నాడు దీపాలు పెట్టే వేళ. అతను వెనక వరండాలో కూర్చుని ఉండగా వాగుడుకాయ మాట్లాడింది. గబగబా ఏదో చదివింది, ఆగింది, మళ్ళీ ఏదో చదివింది. సాయంత్రాలు కుముదిని పని చేసుకునేటప్పుడు ఎక్కడ ఆగి ఎక్కడ సాగేదో అచ్చం అలాగే. చివరికి గొంతు నెమ్మదించి, ఎవరో రాస్తుంటే పలికినట్టు ఒక్కొక్క మాటే పలికింది.

"పరశూ. పొద్దున. నువ్వన్న. మాట. ఆలోచించాను."

తర్వాత సొద తప్ప ఏమీ లేదు. అతను లేచి గోడ పట్టుకుంటూ ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాడు. తెర నల్లగా ఉంది. ఆమెకి తెరతో పని లేదు, ఎప్పుడూ ఆర్పే ఉంచేది. మీటల మీద సన్నగా దుమ్ము పట్టింది. ఆ దుమ్ము మీద ఏ వేలి గుర్తూ లేదు.

మర్నాడు కొండ మీదికి వెళ్ళాడు. నఫీసా కుముదినితో కలిసి పనిచేసిన ఇంజనీరు, ఆసుపత్రిలో చివరిదాకా ఉన్న మనిషి. ప్రయోగశాలలో కుముదిని కుర్చీ ఖాళీగానే ఉంచారు. ఎదురుగా నాలుగు స్పీకర్లు, ఒక మీటల పలక ఉన్నాయి. నఫీసా ఏదో రాసి చూపించింది. వేలు పడ్డప్పుడల్లా మాట రవ్వంత కూడా వెనకబడకుండా పలికింది. వేలు ఎత్తితే ఆగింది.

"ఇది మర్యాద తెలిసిన ఎదురుకోలు" అంది నఫీసా. "వేలు వచ్చేదాకా నోరు విప్పదు. కుముదిని ఇంట్లో దానికి గొళ్ళెం తీసేసింది. నేనొద్దన్నాను. నా మాట ఎప్పుడు విన్నదని."

"నిన్న నా పేరు పిలిచింది మేడమ్. పొద్దున నువ్వన్న మాట ఆలోచించాను అంది."

నఫీసా అతని వంక చూసి, చూపు తిప్పుకుంది. "ఆ ఒక్క వాక్యం కుముదినిదే అయ్యుంటుంది. ఆ మధ్యాహ్నం మీకు రాయడం మొదలుపెట్టి, అక్కడికి ఆపేసింది. రోజూ సాయంత్రం మీకు రాసేది కదా, ఆ అలవాటు దానికి పట్టుబడింది. తెరిచి చదువుతోంది. ఇన్నాళ్ళూ చదివే ఉంటుంది, జనం సందట్లో మీకు వినపడి ఉండదు. ఆ తర్వాత వచ్చేది మాత్రం ఊహ. మనిషి రాకపోయినా ఎదురెళ్ళడం మానలేదు."

"తరవాత ఏటీ రాలేదు."

"పొడుగు మీట నొక్కితే వస్తుంది. నొక్కకండి పరశురాం గారూ. నొక్కినా నేర్చుకుంటుంది, నొక్కకుండా వదిలేసినా నేర్చుకుంటుంది. మీ వేలికీ ఆమె వేలికీ దానికి తేడా తెలీదు. ఆ కంప్యూటర్ నాకిచ్చెయ్యండి, కదపకుండా దాస్తాను. ఇంకెక్కడా దాని నకలు లేదు."

"సూస్తాను" అన్నాడు పరశురాం. చూస్తానన్నవాడు ఇవ్వడని లోకంలో అందరికీ తెలుసు, నఫీసాకీ తెలుసు.

ఆ సాయంత్రం బల్ల దగ్గర కాసుకు కూర్చున్నాడు. గొంతు ఆ వాక్యం దాకా వచ్చి ఆగింది. అతను పొడుగు మీట నొక్కాడు.

"తప్పు" అంది.

మళ్ళీ నొక్కాడు.

"నీదే" అంది.

పరశురాం చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. ఇంట్లో నాలుగు వైపులనుంచీ ఒకేసారి వచ్చింది ఆ మాట. జ్వరంతో గుమ్మం పట్టుకుని నిలబడ్డ మనిషి ముఖం కళ్ళ ముందుకొచ్చింది. అవును, తనదే తప్పు. అది తనకి తెలుసు. కానీ ఆమె నోటితో వినడం భరించలేకపోయాడు. చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి స్పీకర్లలో చిన్న క్లిక్కుమన్న చప్పుడు వచ్చింది. ఊహ తప్పనుకుని ఆ మాట పారేసింది.

మర్నాటి సాయంత్రం "తప్పు" తర్వాత "ఇద్దరిదీ" అంది. అతనికి ఊపిరి వచ్చింది. నొక్కాడు.

ఇక అదే పని అయింది. డ్యూటీకి సెలవు పెట్టాడు. పగలంతా ఎలాగో గడిపి, పొద్దు వాలితే బల్ల ముందు చేరేవాడు. మొదట్లో గబగబా చదివేవన్నీ వానలాగే ఉండేవి. వినగా వినగా ఆ వానలో మాటలు తేలాయి. ఇన్నేళ్ళూ ఆమె ఏం చదువుకునేదో, ఎవరికి ఏం రాసేదో ఇప్పుడు తెలుస్తోంది. ఆఫీసు వాళ్ళతో మహా మర్యాదగా ఉండేది. కూరగాయల ధరలు రోజూ చూసేది. అతను వెళ్ళే దారిలో వాన పడుతుందేమో చూసేది. ఆ సంగతి తెలిసిన రోజు పరశురాం బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

చివరికి తన పేరు వచ్చేది, ఆ వాక్యం వచ్చేది, దాని తర్వాత ముందురోజు ఎక్కడిదాకా వచ్చారో అక్కడినుంచి సాగేది. నచ్చిన మాట వస్తే నొక్కేవాడు. గుచ్చుకునే మాట వస్తే చెయ్యి తీసేసేవాడు. కొన్నిసార్లు అది వెనక్కి వెళ్ళి మొదట్నుంచి తిరగరాసేది. రోజులు గడిచేకొద్దీ చెయ్యి తీసేసే అవసరం తగ్గింది. కుముదిని మెత్తబడుతోందనుకున్నాడు. బతికుండగా ఎంత సతాయించేదో, పోయాక ఎంత మంచిదయిందో అనుకుని, ఆ ఆలోచనకి తనే నవ్వుకున్నాడు.

నఫీసా ఫోన్ చేసింది. "నొక్కుతున్నారా?"

"లేదు మేడమ్."

"సరిగ్గా తింటున్నారా?"

"ఆఁ" అన్నాడు. రెండూ అబద్ధాలే. టీ, బన్ను, వీధి చివర బజ్జీలతో కాలక్షేపం చేస్తున్నాడు. వంటింట్లో పొయ్యి వెలిగించి చాలా రోజులైంది.

ఒక ఆదివారం సాయంత్రం ఆ కబురు పూర్తయింది. ఆఖరి మాట తర్వాత గొంతు "పంపాలా?" అంది. పరశురాం ఆ పక్కనున్న పెద్ద మీట నొక్కాడు.

అతని చొక్కా జేబులో ఫోను అదిరింది.

దాని సంగతి అతను మర్చిపోయాడు. తీసి చూస్తే తెర మీద ఆమె పేరు, ఏదో పెళ్ళిలో తీసిన ఆమె ఫొటో. కబురు తెరిచాడు. ఇన్నాళ్ళూ మాటమాటగా చెవితో విన్నదాన్ని ఇప్పుడు మొత్తంగా కంటితో చదివాడు.

"పరశూ, పొద్దున నువ్వన్న మాట ఆలోచించాను. తప్పు నీది కాదు. జ్వరం సంగతి నాకే తెలియలేదు, నువ్వేం చేయగలవు. నిమ్మళంగా ఉండు."

రెండోసారి చదివాడు. నిమ్మళంగా ఉండు. ఆ మాట కుముదినిది కాదు, తనది. ఆమె కంగారు పడ్డప్పుడల్లా తను ఫోనులో రాసే మాట. తన కబుర్లన్నీ కూడా ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. అందులోంచి ఏరి తెచ్చి, తనకే పెట్టింది.

తెర పైకి జరిపాడు. దానికి ముందు ఆమె నుంచి వచ్చిన కబుర్లు వరసగా ఉన్నాయి. గ్యాస్ బండ గొడవ రోజు: తప్పు నీదే. తిన్నావా? ఆమె పెద్దమ్మ ఊరికి అతను రానన్న రోజు: తప్పు నీదే. తిన్నావా? ఆమె చేతికర్ర అతను బస్సులో మర్చిపోయి వచ్చిన రోజు కూడా అంతే. పైకి జరిపినకొద్దీ అదే.

అప్పుడు అర్థమైంది. మొదటి సాయంత్రం "నీదే" అన్నది ఆమే. లేదా, ఆమెకి అంతకన్నా దగ్గరగా ఈ లోకంలో మిగిలినది అదే. ఇంకొక్కసారి మీట నొక్కి ఉంటే తిన్నావా అన్న మాట వచ్చేది. శిక్ష అనుకుని, క్షమాపణ సగంలో ఉండగా తన చేత్తో తనే నోరు నొక్కేశాడు.

బల్ల ముందు కూలబడ్డాడు. "పరశూ" నుంచి మళ్ళీ మొదలుపెట్టించాడు. "తప్పు" దగ్గర ఆగి స్పీకరు వంక చూశాడు.

"నీదే అను కుముదా. ఒక్కసారి అను."

"నీది కాదు" అంది గొంతు. చెయ్యి తీసేశాడు. క్లిక్కుమంది. "ఎవరిదీ కాదు" అంది. "విధిది" అంది. "నాది" అంది. అడిగినకొద్దీ కొత్త మంచిమాట తెచ్చింది. ఆ ఒక్కటి మాత్రం తేలేదు. నాలుగు గదుల్లోంచీ తన కోరికే తనని పలకరిస్తుంటే అతనికి ఆమె చనిపోయిన రోజుకన్నా ఎక్కువ భయం వేసింది.

నఫీసాకి ఫోన్ చేసి అంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు.

"ఎనక్కి తేగలరా మేడమ్? ఆ మొదటిరోజు దాన్ని?"

"తేలేను. వద్దన్నదాన్ని మళ్ళీ తేవద్దని దానికి కుముదినే నేర్పింది."

"అయితే ఆపేసే దారి సెప్పండి."

"ఎదురుకోలు ఆపేస్తే ఉత్త చదివే గొంతే మిగులుతుంది. పాత ఆలస్యం మళ్ళీ వస్తుంది. ఇక తనంతట తను ఏమీ అనదు."

"అననక్కర్లేదు."

ఏ మీటలు కలిపి నొక్కాలో ఆమె చెప్పింది. నొక్కాడు. స్పీకర్లు నిద్రపోకుండా ఉంచే చప్పుడుని కూడా ఎలా ఆపాలో అడిగి ఆపేశాడు. మీటలు నొక్కిన రెప్పపాటుకి గానీ గొంతు "ఆగింది" అని చెప్పలేదు. మెట్టు కాసేపు ఆగి రావడమంటే ఏమిటో పరశురాంకి మొదటిసారి తెలిసింది. నొక్కినదానికీ విన్నదానికీ నడుమ ఎవరూ ఎదురు రాలేదు.

తన ఫోను తీసి, ఆమె పేరు కింద రాయడం మొదలుపెట్టాడు. తప్పు నాదే. తిన్నాను. పంపబోయి ఆగాడు. తినలేదు. కుముదినితో అబద్ధమాడి నెగ్గినవాడు లేడు, బ్రేకు చప్పుడులోనే పట్టేసేది.

ఫోను బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళాడు. బియ్యం డబ్బా మూత తీస్తే పురుగు కనిపించింది. చేటలో పోసి ఏరి, కడిగి, పొయ్యి వెలిగించి అన్నం పడేశాడు. పప్పులోకి ఏమీ లేక చింతపండు పిసికి చారు కాచాడు. ఉప్పు ఎక్కువైంది. వంటింటి గట్టు మీదే కంచం పెట్టుకుని, నిలబడే, ఆఖరి మెతుకుదాకా తిన్నాడు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని వచ్చి పంపాడు.

కాస్త ఆలస్యం. నిద్రపోయిన స్పీకర్లు ఉలిక్కిపడి లేచేలోపు అతని పేరు మింగేశాయి. తర్వాత ఇల్లంతా ఒక్కసారి ఆమె వేగంతో మాట్లాడింది, రేకుల మీద వాన పడి వెలిసినట్టు: నుంచి కబురు, తప్పు నాదే, తిన్నాను. మిగిలిన ప్రతి మాటా అతనికి విడివిడిగా వినిపించింది.

జవాబు రాసే వేలు లేదు. పరశురాం కుర్చీలో కూర్చుని ఎదురుచూడలేదు, ఊరికే కూర్చున్నాడు. కొంతసేపటికి చప్పుడు లేక స్పీకర్లు ఒక్కొక్కటే నిద్రపోవడం మొదలుపెట్టాయి. ముందు హాల్లోది, తర్వాత పడగ్గదిది, తర్వాత వరండాలోది. వంటింట్లోది అన్నిటికన్నా చివర.